అడ్ హాక్

లాటిన్‌లో ‘దీని కోసం’ అని. ఒక్క అవసరం కోసం అప్పటికప్పుడు చేసుకున్న ఏర్పాటుకు ఈ మాట వాడతారు. హైదరాబాద్‌లోని నాంపల్లిలో అలాంటిది ఒకటి చూశాం. 2014 జూన్ 2న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విడిపోయాక, పబ్లిక్ గార్డెన్స్‌ను ఆనుకుని ఉన్న శాసనసభ ప్రాంగణంలోనే రెండు రాష్ట్రాల సభలూ సర్దుకున్నాయి. కొత్త భవనం తెలంగాణకు, 1913 నాటి టౌన్‌హాల్ ఆంధ్రప్రదేశ్‌కు. హైదరాబాద్ పదేళ్లు ఉమ్మడి రాజధాని అని చట్టం చెప్పినా, ఏపీ సభ 2017 మార్చిలోనే వెలగపూడికి మారింది. అన్ని తాత్కాలిక ఏర్పాట్లూ ఇంత త్వరగా ముగియవు మరి!

చట్టసభల్లో స్థాయీ సంఘాలు కొనసాగుతాయి. అడ్ హాక్ కమిటీ నివేదిక ఇచ్చాక రద్దవుతుంది. రాజ్యాంగంలోని 224ఎ అధికరణ కింద హైకోర్టుల్లో విశ్రాంత న్యాయమూర్తులను అడ్ హాక్ జడ్జీలుగా మళ్లీ కూర్చోబెట్టవచ్చు. పేరుకుపోయిన క్రిమినల్ అప్పీళ్ల కోసం సుప్రీంకోర్టు 2025 జనవరి 30న ఈ నియామకాల షరతులు సడలించింది. ఉద్యోగాల్లో మాత్రం ఇది గుబులు పుట్టించే మాట. అడ్ హాక్‌గా చేరినంత మాత్రాన క్రమబద్ధీకరణ హక్కు రాదని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.