మట్టిలో రాయల ముఖము

చిత్రకారుడు ఒక ముఖమును ఒక్క దిక్కునుండి చూపిన చాలును. శిల్పి చేసిన ముఖమునైతే చూచువారు నాలుగు దిక్కులనుండియు చూతురు. అందును అర్ధవిగ్రహము, అనగా శిరస్సునుండి ఱొమ్ము పైభాగమువఱకు మాత్రమే చేయు ప్రతిమ, మిక్కిలి కష్టమైనది. అందు ఖడ్గము ధరించు చేతులుండవు; సింహాసనముండదు; గుఱ్ఱముండదు. ఆ వ్యక్తి ఎవరో ముఖమొక్కటియే చెప్పవలెను.

కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదోని నుండి రాయచూరునకు పోవు మార్గమున, తుంగభద్రకు సమీపమున మాధవరమను గ్రామము కలదు. మంత్రాలయమున 1671వ సంవత్సరమున శ్రీ రాఘవేంద్రస్వామి ప్రవేశించిన బృందావనమునకు శిలను ఈ గ్రామమునుండియే తెచ్చిరని భక్తులు చెప్పుకొందురు. నదికి ఆవలనున్న రాయచూరు కోటను 1520వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు బీజాపురపు సుల్తానును ఓడించి గైకొనెను. అట్టి చోట పెరుగు బాలుడు చరిత్రపురుషుని ప్రతిమ నొకదానిని చేయగోరినచో రాయలను ఎన్నుకొనుట సహజమే.

ఆ గ్రామపు శిలకు ఎంత పేరున్నను, నేర్చుకొనువానికి శిల తగదు. ఉలిదెబ్బకు ఊడిన ముక్కును మరల అతికింపలేము. మట్టిలో పెట్టినదానిని తీయవచ్చును, తీసినదానిని పెట్టవచ్చును. కావున మొదటి గురువు మట్టియే.

మట్టిని ముట్టుటకు ముందు సాక్ష్యమును వెదకవలెను. రాయల విషయమున రెండు మంచి సాక్ష్యములు కలవు. తిరుమల ఆలయమున రాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలిచిన లోహప్రతిమలున్నవి. అవి ఆయన కాలమునాటివి. అందు రాయల శిరస్సుపై పొడవైన కుళ్లాయి కనబడును. ఇక రెండవ సాక్ష్యము, రాయల కాలమున విజయనగరమునకు వచ్చిన డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుని వ్రాత. రాయలు మధ్యమమైన ఎత్తు గలవాడనియు, పచ్చని ఛాయవాడనియు, సన్నని దేహముకంటె కొంచెము స్థూలమైన దేహము గలవాడనియు, ముఖముపై మశూచి మచ్చలున్నవనియు అతడు తెలిపెను.

ఇవికాక ప్రజల మనస్సులలో మూడవ రూపమొకటి కలదు. 1956లో వచ్చిన ‘తెనాలి రామకృష్ణ’, 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’ చలనచిత్రములలో నందమూరి తారకరామారావు రాయల పాత్రను ధరించెను. రాయలనగానే అనేకులకు ఆ ముఖమే తోచును. నటుడు ఎంత గొప్పవాడైనను ఆయన ముఖము సాక్ష్యము కాదు. దానిని చూచి చేసిన ప్రతిమ నటునిదగును గాని రాజుది కానేరదు.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ప్రత్తి పండు నల్లరేగడి విస్తారముగా నున్నది. అది తడిసిన ఉబ్బును, ఎండిన నెఱ్ఱెలు వాఱును. వేసవిలో పొలముల నిండ కనబడు బీటలే అందుకు నిదర్శనము. ప్రతిమకు ఆ నేల పనికిరాదు. కుమ్మరులు వాడు బంకమన్నును తెచ్చి, నీట కలిపి, గుడ్డతో వడియగట్టి, కొంచెము సన్నని ఇసుక చేర్చి, లోపలి గాలి పోవునట్లు బాగుగా పిసుకవలెను.

తరువాత ఒక పీటపై కఱ్ఱమేకును నిలిపి, దానికి కాగితము చుట్టి, దానిపై మట్టిని పెట్టవలెను. కాగితమున్నచో పని ముగిసిన పిమ్మట ప్రతిమ మేకునుండి సులభముగా పైకి వచ్చును. మన శిల్పశాస్త్రములు ముఖమును పండ్రెండు అంగుళములుగా భావించి మూడు సమభాగములు చేసినవి: నొసటి పైయంచు నుండి కనుబొమల వఱకు ఒకటి, అచటినుండి ముక్కు తుదివఱకు ఒకటి, అచటినుండి గడ్డము వఱకు ఒకటి. ఈ అంగుళము స్కేలుబద్దపై నుండునది కాదు. ముఖములో పండ్రెండవ వంతు. ముఖము 6 సెంటీమీటర్లయినచో ఒక్కొక్క భాగము 2 సెంటీమీటర్లగును. కుళ్లాయికి 6, మెడకును ఱొమ్మునకును 6 చేర్చినచో ప్రతిమ ఎత్తు మొత్తము 18 సెంటీమీటర్లు.

నేర్చుకొనువాడు సాధారణముగా ముందు కన్నులు చేయుటకు తొందరపడును. అది తగదు. మొదట తల యొక్క గ్రుడ్డువంటి ముద్ద, మెడ, భుజములు కుదురవలెను. పిమ్మట నొసలు, చెక్కిళ్లు, దవడ. అటుపై ముక్కు, పెదవులు. రెండు కన్నులను ఒక్కసారిగా నడపవలెను; ఒకటి ముగించి రెండవది మొదలిడినచో అవి జత కుదురవు. పీటను మాటిమాటికి త్రిప్పుచు, వెలుతురు ఒక ప్రక్కనుండి పడునట్లు చూచుకొనవలెను. నీడలే తప్పులను చూపును. కుళ్లాయిపై పూలు, మెడలో హారములు చివరకు పెట్టదగినవి. సొగసైన నగలు సరికాని ముఖమును చక్కజేయలేవు.

ఇక మశూచి మచ్చల మాట. మహారాజు ముఖమున గుంటలు పెట్టుట అగౌరవమని కొందఱు తలంతురు. కాని ఆ వ్యాధి రాజును పేదను ఒక్కరీతిగా పీడించినది. అది లోకమునుండి తొలగినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1980లో ప్రకటించెను. నేటి బాలురకు అట్టి ముఖము కనబడుటయే అరుదు. మచ్చలను మాన్పివేసినచో రాజునకు కలిగిన కష్టముతోపాటు ఒక యుగపు బాధయు మఱుగున పడును. అట్లని ముఖమంతయు గుంటలతో నింపుటయు తప్పే. అవి ఎన్నియో పేస్ చెప్పలేదు. ఈ ప్రతిమ నిజముఖములో ఇంచుమించు మూడవ వంతు గనుక, 3 మిల్లీమీటర్ల మచ్చ ఇందు 1 మిల్లీమీటరే యగును. చెక్కిళ్లపై సూదిమొనతో కొన్నింటిని తేలికగా తాకి, అంచులను తడివ్రేలితో మెత్తబఱచిన చాలును. దగ్గఱకు వచ్చినవానికే అవి కనబడవలెను.

మట్టి కొంచెము గట్టిపడిన పిమ్మట ప్రతిమను మేకునుండి తీసి, కుళ్లాయిని సన్నని తీగతో కోసి, లోపలి మట్టిని తోడి, వ్రేలెడు మందము నిలుపవలెను. మరల అతికించునపుడు రెండు అంచులను గీచి, పలుచని బురద పూయవలెను. అడుగున రంధ్రము విడువవలెను. లోన తేమ మిగిలినచో ఆవములో అది ఆవిరియై ప్రతిమను పగులగొట్టును. కావున తడిగుడ్డ కప్పి, నీడలో పెక్కుదినములు మెల్లగా ఆరనిచ్చి, తరువాతనే కాల్చవలెను. మట్టి ఆరునపుడును కాలునపుడును ప్రతిమ అంతయు కొంచెము చిన్నదగును. భాగముల పొందిక మాత్రము చెడదు.

అట్లు ఆవమునుండి వెలువడిన చిన్న ప్రతిమ బడిలో అలమరపై నిలిచినపుడు, దానిని చూచువారు రాయలను ఆ రూపముననే తలచుకొందురు. చనిపోయినవాడు వచ్చి తన ముఖమును దిద్దుకొనజాలడు. ఆ భారము శిల్పి చేతిలోని మట్టిపై నున్నది.