బస్తా బరువు, బొమ్మ నడక

యానిమేషన్ పాత్ర నడుస్తుంటే పాదాలు నేలమీద జారడం, మోస్తున్న బస్తా దూదిమూటలా తేలిపోవడం, మోకాలు ఉన్నట్టుండి ఎగిరిపడటం తరచుగా ఎదురయ్యే దోషాలు; ఇవి కంటికి కనబడే చోటు ఒకటి, పుట్టే చోటు మరొకటి కనుక కనబడిన చోటే దిద్దితే మళ్లీ మళ్లీ తలెత్తుతాయి.

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో కూరగాయల బస్తాలు మోసే కళాసీల కదలికలో ఇందుకు పాఠం దొరుకుతుంది. బస్తా వీపుకెక్కక ముందే కళాసీ కాళ్లు ఎడంచేసి మోకాళ్లు వంచుతాడు. బరువు పడగానే తుంటి కుంగి, ఆ తరువాతే ఒళ్లు లేస్తుంది. నడకలో అడుగులు పొట్టివవుతాయి. బస్తా ఎక్కక ముందు మోకాళ్లు వంచడం లాంటి, అసలు పనికి ముందు జరిగే సన్నాహ చలనాన్ని డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో వెలువరించిన గ్రంథంలో 12 మూలసూత్రాలలో ఒకటిగా చేర్చారు.

సెకనుకు 24 ఫ్రేముల చలనంలో యానిమేటర్ ముఖ్య భంగిమలను, అంటే కీ ఫ్రేములను నిర్ణయిస్తే, నడుమ ఉన్నవాటిని కంప్యూటర్ నింపుతుంది. అది ఎత్తడానికీ దించడానికీ ఒకే రకం వేగం ఇవ్వడం వల్ల బస్తా బరువు కోల్పోతుంది. కదలికను గీతగా చూపే గ్రాఫ్ ఎడిటర్‌లో, చేతులు పట్టు బిగించాక కొన్ని ఫ్రేములు ఆగి బస్తా మెల్లగా లేచేలా ఆ గీతను మలచాలి. పాదం జారుతుంటే లెక్క చూడాలి: 12 ఫ్రేములలో పడే అడుగు 60 సెంటీమీటర్లయితే, శరీరం ఫ్రేముకు సగటున 5 సెంటీమీటర్లు ముందుకు సాగాలి. ఇక మోకాలి సంగతి: పాదాన్ని నేలకు నిలిపి మోకాలి వంపును కంప్యూటర్‌కే వదిలే ఐకే పద్ధతిలో కాలు పూర్తిగా చాచుకున్నప్పుడు, తుంటి కాస్త కదిలినా మోకాలి కోణం ఎంతో మారిపోతుంది, తుంటిని కొద్దిగా దించితే మోకాలు కుదుటపడుతుంది.

2012లో వచ్చిన రాజమౌళి ‘ఈగ’ చిత్రంలో హైదరాబాద్‌కు చెందిన మకుట సంస్థ మాటలాడని ఈగచేత పగనూ పట్టుదలనూ పలికించగలిగిందంటే, భావాన్ని మోసింది ప్రధానంగా ఒంటి కదలికే. అందుచేత పరీక్ష కూడా ఒంటితోనే మొదలవ్వాలి: పాత్ర తలనూ చేతులనూ, చివరికి బస్తానూ దాచి, తుంటినీ కాళ్లనూ మాత్రమే నడిపించి చూసినప్పుడు మోత మోస్తున్న మనిషి ఆనవాలు తెలిస్తే, మిగిలిన అంగాలను దిద్దడం సులువవుతుంది.