దుంగలు చీల్చే యంత్రానికి తగిన ఇంజను

దుంగలు చీల్చే హైడ్రాలిక్ యంత్రంలో ఇంజను పంపును తిప్పగా, పంపు నూనెను ఒత్తిడితో సిలిండర్‌లోకి పంపుతుంది. ఆ నూనె పిస్టన్‌ను తోస్తే, పిస్టన్ దుంగను పదునైన ఉక్కు పలకకు అదిమి రెండుగా చీలుస్తుంది. చీల్చే బలం సిలిండర్ వైశాల్యం, నూనె ఒత్తిడి మీదా, పని వేగం నిమిషానికి ప్రవహించే నూనె పరిమాణం మీదా ఆధారపడతాయి. అందువల్ల ఇంజను ఎంపిక హెచ్.పి. నుంచి కాక, చీల్చవలసిన కలప నుంచి మొదలుకావాలి.

10 సెంటీమీటర్ల లోపలి వ్యాసం గల సిలిండర్‌లో చదరపు సెంటీమీటరుకు 200 కిలోల ఒత్తిడి ఉంటే సుమారు 15 టన్నుల బలం లభిస్తుంది. నిటారుగా పెరిగిన సరుగుడు దుంగలకు ఇది చాలినా, ముడులు, మెలికలు ఉన్న పెద్ద దుంగలకు మరింత బలం కావలసి రావచ్చు. ఆ ఒత్తిడి వద్ద నిమిషానికి 40 లీటర్ల నూనె పంపాలంటే దాదాపు 20 హెచ్.పి. అవసరం. అయితే పిస్టన్ దుంగను తాకేవరకు ఎక్కువ నూనెను తక్కువ ఒత్తిడితోనూ, తాకిన తరువాత 10 లీటర్లను పూర్తి ఒత్తిడితోనూ పంపే రెండు దశల పంపును అమరిస్తే, అదే బలాన్ని 5 హెచ్.పి. విద్యుత్ మోటారు ఇవ్వగలదు.

మోటారు కొద్ది క్షణాలు అదనపు భారాన్ని ఓర్చుకుంటుంది కాని, పెట్రోలు ఇంజను అటువంటి భారం పడితే ఆగిపోతుంది కనుక, అదే పనికి 6.5 నుంచి 8 హెచ్.పి. ఇంజను తీసుకోవడం మేలు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో గాలి పలుచన కావడంతో, ఇంజను శక్తి విశాఖ తీరంలో కంటే దాదాపు పదో వంతు తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

నిమిషానికి 3,600 చుట్లకు రూపొందించిన పంపును 1,500 చుట్ల డీజిల్ ఇంజనుకు నేరుగా బిగిస్తే నూనె ప్రవాహం సగం కంటే తక్కువకు పడిపోతుంది. అలాంటప్పుడు పెద్ద పంపు తీసుకోవాలి, లేదా బెల్టు, పుల్లీలతో వేగం పెంచాలి.

మూడు ఫేజుల విద్యుత్తు నిలకడగా అందే కట్టెల అడితికి మోటారే శ్రేష్ఠం. పొగ, ఇంధన ఖర్చు లేకపోవడమే కాక నిర్వహణ కూడా సులువు. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు వేలాది చెట్లు కూలడంతోపాటు రోజుల తరబడి విద్యుత్తు కూడా నిలిచిపోయింది. అటువంటి విపత్తులో వీధి నుంచి వీధికి తరలించి పనిచేయించవలసిన యంత్రానికి ఇంజను తప్పనిసరి. ట్రాక్టరు అందుబాటులో ఉంటే దాని వెనుక తిరిగే షాఫ్టు నుంచే పంపును నడపవచ్చు. ఇంజను పొగలో ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది కాబట్టి మూసిన షెడ్డులో దానిని నడపరాదు.

కలపను బట్టి సిలిండర్‌నూ, సిలిండర్‌ను బట్టి పంపునూ, పంపును బట్టి ఇంజనునూ నిర్ణయించే కొనుగోలుదారు అవసరానికి మించిన శక్తికి డబ్బు పోయడు, చాలని శక్తితో యంత్రాన్నీ పనివారినీ కష్టపెట్టడు.