హైట్ అంటే ఎక్కడి నుంచి?

పాశమైలారంలో ఫ్యాక్టరీ గోడల మీద ఒక బోర్డు తరచూ కనిపిస్తుంది: ‘ఎత్తులో పనిచేయునప్పుడు సేఫ్టీ బెల్టు తప్పనిసరి’. ఆ గోడల వెనక మాత్రం ‘ఎత్తు’ అన్న మాట మాకు దాదాపు వినపడలేదు. అందరూ అనేది ‘హైట్’. పటాన్‌చెరు లేబర్ అడ్డా మీద ‘హైట్ చేస్తవా?’ అంటే పైకెక్కి పనిచేస్తావా అని. ‘హైట్ ఉన్నదా?’ అంటే పాస్ ఉందా అని. అదే ప్రశ్న సంగారెడ్డిలో కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేసే పిల్లల మధ్య వినిపిస్తే అది ఒంటి కొలత. తెలుగులో మనిషి పొడుగు, గోడ ఎత్తు అంటాం. ఇంగ్లిష్ రెండింటినీ ఒకే మాటలో కలిపేసింది. (హైవే పక్కన లేస్తున్న అపార్ట్‌మెంట్ల పేర్ల చివర వచ్చే ‘హైట్స్’ సంగతి వేరు. అక్కడ దాని అర్థం ధర.)

ఒంటి కొలత సంగతి ముందు చూద్దాం. తెలంగాణలో కానిస్టేబుల్ కావాలంటే మగవాళ్లు 167.6 సెంటీమీటర్లు ఉండాలి. ఎస్టీలకు కొంత సడలింపు ఉంది, ఎస్సీలకు లేదు. ఎత్తు పుట్టుకతో వచ్చేదే అనుకుంటే ఇందులో అన్యాయం కనిపించదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. తెలంగాణలో అది 33.1 శాతం. దేశం మొత్తం మీద ఎస్సీ, ఎస్టీ పిల్లల్లో ఈ వాటా సగటు కన్నా ఎక్కువ. అంటరానితనం ఎక్కువగా పాటించే చోట్ల దళిత పిల్లల ఎత్తు మరింత దెబ్బతింటోందని అశ్విని దేశ్‌పాండే, రాజేశ్ రామచంద్రన్ చూపించారు. గ్రౌండ్‌లో టేపు పట్టుకున్నవాడికి ఇవేవీ అక్కర్లేదు.

ఇక ఫ్యాక్టరీ హైట్. హైట్ పాస్ కావాలంటే బీపీ చూస్తారు, ఫిట్స్, కళ్లు తిరగడం ఉన్నాయా అని అడుగుతారు, కొన్నిచోట్ల పైపు మీద నడిపిస్తారు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన మనిషికి బీపీ ఎక్కువ చూపిస్తే ఆ పూట కూలీ పోయినట్టే. అందుకని పరీక్షకు ముందు ఎవరినో అడిగి బీపీ గోలీ వేసుకునేవాళ్లూ ఉన్నారు. అయినా ఈ పాస్ కార్మికుడికి అక్కరకొచ్చే కాగితమే. బెల్టు ఇవ్వకపోతే ఎక్కనని అనడానికి అతని చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే.

మరి ఎన్ని అడుగులైతే హైట్? చాలా కంపెనీల్లో ఆరడుగులు, అంటే 1.8 మీటర్లు అని లెక్క. దశాబ్దాలుగా మన ఫ్యాక్టరీలకు వర్తించిన 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 32 మాత్రం, 1987 సవరణ తర్వాత, అంకె చెప్పదు. మనిషి పడిపోయే అవకాశం ఉన్న ఎత్తు అంటుంది. బ్రిటన్ 2005 నిబంధనలు ఇంకా స్పష్టంగా చెప్పాయి: నేల మట్టమైనా, నేల కిందైనా, పడితే దెబ్బ తగిలే చోటు ఉంటే అది హైట్ పనే. అంటే కొలవాల్సింది ఎంత పైకి ఎక్కాడని కాదు, ఎంత కిందికి పడతాడని. మూత తీసిన సంపు అంచున నిలబడ్డవాడూ హైట్‌లో ఉన్నట్టే. ‘ఎత్తులో పని’ అన్న అనువాదంలో ఈ అర్థం రాలిపోయింది. గోడ మీది బోర్డు చదివినవాడు పైకి చూస్తాడు, కాళ్ల కిందికి చూడడు.

చిమ్నీకీ హైట్ ఉంది. గంధకం పొగ గంటకు ఎంత వస్తుందో లెక్కగట్టి గొట్టం ఎత్తు నిర్ణయిస్తారు. తక్కువలో తక్కువ 30 మీటర్లు. దానివల్ల పొగ తగ్గదు, ఇంకొంత దూరం పోయి దిగుతుంది. చలికాలం రాత్రుల్లో పైగాలి మూతలా కమ్మేస్తే అంత దూరమూ పోదు.

నేల కింది పనికి కూడా మనకు చట్టాలు లేకపోలేదు. గుంటలకు మూతలుండాలని సెక్షన్ 33, విషవాయువులుండే ట్యాంకుల్లోకి జాగ్రత్తలు లేకుండా దింపరాదని సెక్షన్ 36 చెప్పాయి. రక్షణ లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఒక కంపెనీ గేటు బయట మేం కలిసిన హెల్పర్ మెడలో హైట్ పాస్ ఉంది, లామినేషన్ చేసి. ఆ వారమే అతన్ని ట్యాంకు కడగడానికి దింపారు. తాడు లేదు, గ్యాస్ చెకింగ్ లేదు. వేరేవాళ్లను అడగలేదట, కాంట్రాక్టరుకు అతని ఊరు తెలుసు, వాడ తెలుసు. దానికి పాస్ అడగలేదా అన్నాం.

‘గది హైట్ కాదన్నా,’ అన్నాడు. ‘కిందిది గద.’