వాడేసిన ఇంజిన్ ఆయిల్ ఎక్కడికి పోయింది? జూన్ 30లోగా బోర్డుకు లెక్క చెప్పాలి

కారు సర్వీసింగ్ చేసేటప్పుడు నల్లగా కారే ఆయిల్‌ను డ్రమ్ములో పోసి షెడ్డులో ఓ మూల పెడతారు. డ్రమ్ము నిండాక ఆటో ట్రాలీలో ఒకతను వస్తాడు. లీటరుకింత అని లెక్క కట్టి, క్యాష్ చేతిలో పెట్టి పట్టుకెళ్తాడు. బిల్లు ఉండదు, రసీదు ఉండదు. విజయవాడ ఆటోనగర్‌లో అయినా, హైదరాబాద్ పాతబస్తీలో అయినా చాలా గ్యారేజీలకు తెలిసిన పద్ధతి ఇదే. ఓనర్ లెక్కలో అది పైసలొచ్చే సరుకు. చట్టం లెక్కలో మాత్రం ప్రమాదకర వ్యర్థం.

కేంద్రం 2016లో తెచ్చిన ప్రమాదకర, ఇతర వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో ఒక పెద్ద జాబితా ఉంది. వాడేసిన ఆయిల్‌కు అందులో 5.1 అనే నంబర్ ఇచ్చారు. నికెల్, క్రోమ్ ప్లేటింగ్ షాపుల్లో మిగిలే యాసిడ్, తొట్టి అడుగున పేరుకునే బురద కూడా జాబితాలోనే ఉన్నాయి. కెమికల్ అంటుకుని ఉన్న ఖాళీ డ్రమ్ములూ ప్రమాదకర వ్యర్థాలే. ఇది చాలామందికి తెలియదు. కడిగేశాం కదా అని వాటిని ఇంటికి తెచ్చి నీళ్లు పట్టుకునే వాళ్లున్నారు. ఆ పని అస్సలు చేయకూడదు.

నిబంధనల్లో అసలు మెలిక ఇది: సరుకు గేటు దాటినంత మాత్రాన ఓనర్ బాధ్యత తీరిపోదు. వ్యర్థాన్ని అనుమతి ఉన్న రీసైక్లర్‌కో, అనుమతి ఉన్న డిస్పోజల్ కేంద్రానికో మాత్రమే ఇవ్వాలి. తెలంగాణలో దుండిగల్ దగ్గర, ఆంధ్రప్రదేశ్‌లో అనకాపల్లి జిల్లా పరవాడ దగ్గర ఇలాంటి కేంద్రాలున్నాయి. సరిగా చూసుకోకపోవడం వల్ల పర్యావరణానికో, వేరే మనిషికో నష్టం జరిగితే దానికి ఓనర్ జవాబు చెప్పాలి. ట్రాలీ అతను ఆ ఆయిల్‌ను ఏ భట్టీలోనో మండించాడా, వడగట్టి కొత్త డబ్బాల్లో నింపి మళ్లీ అమ్మాడా అన్నది ఓనర్‌కు తెలియదు. తెలియదు అన్న మాట బోర్డు ముందు నిలబడదు.

మరి సరైన చోటికే చేరిందని చూపించేదేమిటి? మేనిఫెస్ట్ అనే కాగితం. దీనికి ఏడు కాపీలుంటాయి, ఒక్కోటి ఒక్కో రంగు. పంపే ఓనర్ ఏడింటి మీదా సంతకం చేసి, తెల్ల కాపీని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి పంపాలి. జనం పొల్యూషన్ బోర్డు అంటున్నది దీన్నే. బండి తోలే అతని సంతకం తీసుకుని పసుపు కాపీని షాపులో దాచుకోవాలి. మిగతా ఐదూ బండితో వెళ్తాయి. సరుకు దింపుకున్నవాళ్లు గులాబీ కాపీ తమ దగ్గర ఉంచుకుని, నారింజ కాపీ బండి అతనికి ఇస్తారు. ఆకుపచ్చ కాపీ బోర్డుకు వెళ్తుంది. నీలం కాపీ తిరిగి షాపు ఓనర్‌కు రావాలి. బూడిద రంగు కాపీ అవసరం సరుకు వేరే రాష్ట్రానికి వెళ్లినప్పుడే వస్తుంది. అది పంపినవాళ్ల రాష్ట్రంలోని బోర్డుకు చేరుతుంది.

ఓనర్ ఎక్కువగా చూసుకోవాల్సింది ఆ నీలం కాపీనే. సరుకు ఇచ్చానని పసుపు కాపీ చెబుతుంది, అది ఫలానా చోటికి చేరిందని నీలం కాపీ చెబుతుంది. అది రాకపోతే ఫోన్ చేసి అడిగి తెప్పించుకోవాలి. రేపు నోటీసు వచ్చినప్పుడు ఆదుకునేది అదే.

ఇక రోజువారీ లెక్క. ఎంత వ్యర్థం వచ్చింది, ఎంత పంపారు, ఎవరికి పంపారు అన్నది ఫారం 3లో ఎప్పటికప్పుడు రాసుకోవాలి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఏడాది మొత్తాన్ని ఫారం 4లో నింపి, ఆ వచ్చే జూన్ 30లోగా బోర్డుకు ఇవ్వాలి. దీన్నే వార్షిక రిటర్న్ అంటారు. ఏ రకం వ్యర్థం ఎంత వచ్చింది, డిస్పోజల్‌కు ఎంత, రీసైక్లర్‌కు ఎంత వెళ్లింది, ఏడాది చివర్లో షాపులో ఎంత మిగిలింది అని అందులో అడుగుతారు. కష్టమైన లెక్కేమీ కాదు, కిరాణా కొట్టు స్టాకు పుస్తకం లాంటిదే. కాకపోతే వచ్చినదీ, పోయినదీ, మిగిలినదీ ఒకదానికొకటి సరిపోవాలి.

చిన్న షాపుకు ఇంత లెక్క ఎందుకు అనిపించవచ్చు. రోజుకు ఐదు కార్లు, కారుకు నాలుగు లీటర్లు, నెలకు 25 రోజులు అనుకుంటే నెలకు 500 లీటర్లు, ఏడాదికి 6,000 లీటర్లు. అంటే 200 లీటర్ల డ్రమ్ములు 30. బరువు చూస్తే ఐదు టన్నులు దాటుతుంది.

అన్ని డ్రమ్ములనూ ఏడాది పొడవునా షెడ్డులో పేర్చుకోవడానికి వీల్లేదు. మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. ఏడాదికి పది టన్నుల లోపు వచ్చే చిన్న యూనిట్లకు బోర్డు కావాలనుకుంటే 180 రోజుల వరకు గడువు పెంచవచ్చు. డ్రమ్ము మీద పసుపు లేబుల్ అంటించి, ప్రమాదకర వ్యర్థం అని ఎర్ర అక్షరాలతో హిందీ, ఇంగ్లిష్, స్థానిక భాషల్లో రాయాలి. షాపులో ఉర్దూ మాత్రమే చదవగలిగిన కుర్రాళ్లుంటే ఉర్దూలో కూడా రాస్తే మంచిది. లేబుల్ అవసరం ముందుగా ఉన్నది డ్రమ్ము ఎత్తే వాళ్లకే.

అందరికీ ఆథరైజేషన్ కావాలా? వాటర్, ఎయిర్ చట్టాల కింద బోర్డు అనుమతి అవసరం లేని యూనిట్లకు 2019 మార్చి సవరణలో మినహాయింపు ఇచ్చారు. దానికో షరతు ఉంది: వ్యర్థాన్ని ఆథరైజేషన్ ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ట్రాలీ అతనికి అమ్మితే ఆ షరతు తప్పినట్టే. మిగతా యూనిట్లు ఫారం 1లో దరఖాస్తు చేసుకోవాలి. తమ పని ఏ కేటగిరీలోకి వస్తుందో బోర్డు ప్రాంతీయ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మేలు, పక్క షాపు అతను చెప్పింది విని కూర్చోకూడదు.

ఆయిల్ ఒలికిపోయినా, యాసిడ్ కారినా, మంటలు లేచినా వెంటనే ఫోన్‌లోనో ఈమెయిల్‌లోనో బోర్డుకు చెప్పాలి. తర్వాత ఫారం 11లో రిపోర్టు ఇవ్వాలి. చాలామంది దాచిపెట్టాలని చూసేది ఇక్కడే.

శిక్షల సంగతి కూడా మారింది. ఇదివరకు పర్యావరణ పరిరక్షణ చట్టం కింద ఐదేళ్ల దాకా జైలు ఉండేది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా పెనాల్టీ వచ్చింది. జైలు పోయిందని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. వేసిన పెనాల్టీ 90 రోజుల్లో కట్టకపోతే మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. ఒక చిన్న షాపుకు 15 లక్షలంటే షట్టర్ దించేసుకోవడమే.

అదే 2024 ఏప్రిల్ 1 నుంచి వాడేసిన ఆయిల్ సేకరించే ఏజెంట్లు కూడా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిజిస్టర్ కావాలి. కాబట్టి ఈసారి ట్రాలీ వచ్చినప్పుడు రేటు కంటే ముందు రిజిస్ట్రేషన్ కాగితం అడగాలి. ఇప్పటిదాకా ఏ లెక్కా రాయని షాపు అయినా ఈ రోజు డ్రమ్ములో ఎన్ని లీటర్లున్నాయో కొలిచి, తేదీ వేసి మొదటి పేజీలో రాసుకోవచ్చు. వచ్చే జూన్‌లో ఇవ్వాల్సిన రిటర్న్‌కు ఆ అంకె కావాలి.