నోటికొకటి, పేగుకొకటి

మా సొసైటీ సాయంత్రం తరగతులకు వచ్చే పిల్లల్లో ఒకడు దవడ పట్టుకుని కూర్చోవడం రెండేళ్ల కిందట మా కంట పడింది. నాలుగో తరగతి కుర్రాడు. దవడ పన్ను పుచ్చిపోయింది. అంతకు ముందు వారమే తల్లుల సమావేశంలో మేము “అన్ని క్రిములూ చెడ్డవి కావు, మేలు చేసేవీ ఉంటాయి, వాటినే ప్రోబయోటిక్స్ అంటారు, మందుల షాపుల్లో దొరుకుతాయి” అని చెప్పి ఉన్నాం. ఆ మాట గుర్తుపెట్టుకుని వాడి తల్లి, బీడీలు చుట్టి కూడబెట్టిన డబ్బుతో ఒక పట్టీ గొట్టం మాత్రలు కొని పది రోజులు మింగించింది. నొప్పి తగ్గలేదు. చివరికి దంతవైద్యుని దగ్గరకు తీసుకెళ్తే ఆ పన్ను పీకేయాల్సి వచ్చింది.

తప్పు ఆ తల్లిది కాదు, షాపు వాళ్లదీ కాదు. సగం చెప్పి సగం వదిలేసిన మాది. ఆమె కొన్నది పేగుల కోసం తయారైన మాత్ర. పిల్లవాడి జబ్బు నోట్లో ఉంది. ఆ రోజు చెప్పకుండా వదిలేసిన మిగతా సగం ఈ సంచిక ద్వారా చెప్పుకోవాలని మా ఉద్దేశం. ఆరోగ్య శిబిరాలకు మందులు పంపే దాతలకు కూడా ఇది పనికొస్తుందని ఆశిస్తున్నాం.

ప్రోబయోటిక్ అంటే ఏమిటి?

తగిన మోతాదులో తీసుకున్నప్పుడు మన ఆరోగ్యానికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఇచ్చిన నిర్వచనం ఇదే. ఇందులో మూడు షరతులున్నాయి. సూక్ష్మజీవి బతికి ఉండాలి. మోతాదు సరిపోవాలి. మేలు రుజువు కావాలి. మూడింట్లో ఏది లోపించినా దాన్ని ఆ పేరుతో పిలవకూడదు.

ఇక్కడే ఒక మాట తికమక పెడుతుంది. పేగుల మాత్రనూ నోటితోనే మింగుతాం కదా, అది కూడా నోటి ప్రోబయోటిక్ కాదా అని చాలామంది అడుగుతారు. నోటి ద్వారా తీసుకునేది వేరు, నోటి కోసం పనిచేసేది వేరు. మొదటిదానికి నోరు కేవలం గుమ్మం. రెండోదానికి నోరే ఇల్లు.

రెండు ఊళ్లు, రెండు వాతావరణాలు

నోట్లో ఇప్పటివరకు సుమారు 700 రకాల బ్యాక్టీరియాను గుర్తించారు. నాలుక మీద కొన్ని, పంటి మీద కొన్ని, చిగురు సందుల్లో కొన్ని ఉంటాయి. ఇక్కడ రోజుకు అర లీటరు నుంచి ఒకటిన్నర లీటరు దాకా లాలాజలం ఊరుతూ, దొరికిన ప్రతిదాన్నీ కడిగి గొంతులోకి తోసేస్తుంది. కాబట్టి నోట్లో పనిచేయాల్సిన సూక్ష్మజీవికి మొదటి అర్హత అంటుకుని నిలవగలగడం. నాలుకనో, పంటినో, గొంతు పొరనో పట్టుకోలేనిది ఒక్క గుటకతో వెళ్లిపోతుంది.

పేగులకు చేరాల్సిన సూక్ష్మజీవి పరీక్ష వేరు. అది ముందు జీర్ణాశయంలోని ఘాటైన ఆమ్లాన్ని, ఆ తర్వాత పిత్తరసాన్ని తట్టుకోవాలి. అందుకే దాన్ని చాలాసార్లు గొట్టంలో పెట్టి ఇస్తారు. గొట్టం కరిగేది జీర్ణాశయంలోనో, పేగుల్లోనో. నోట్లో ఉన్న రెండు క్షణాల్లో లోపలి సూక్ష్మజీవి బయటికే రాదు. మా కుర్రాడి పంటికి ఆ మాత్ర ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు అర్థమవుతుంది.

నోటి కోసం తయారైనవి మింగేవి కావు, చప్పరించేవి. పళ్లు తోముకున్నాక, పడుకోబోయే ముందు బిళ్లను నోట్లో నెమ్మదిగా కరగనివ్వాలి. ఆ తర్వాత నీళ్లు కూడా తాగకుండా పడుకుంటే మంచిది. రాత్రి లాలాజలం తక్కువగా ఊరుతుంది కనుక సూక్ష్మజీవికి కుదురుకునే వ్యవధి దొరుకుతుంది. రంజాన్ నెలలో వాడేవారు తరావీహ్ ముగించుకుని, తినడం తాగడం పూర్తయ్యాక వాడుకోవచ్చు.

నోటి రకాలు: ఒక ఉదాహరణ

న్యూజిలాండ్‌లోని డునెడిన్ పట్టణంలో ఒటాగో విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి సూక్ష్మజీవ శాస్త్రవేత్త జాన్ టాగ్ చిన్నతనంలో రుమాటిక్ జ్వరం బారిన పడినవారే. గొంతు నొప్పిగా మొదలై, కీళ్లను బాధించి, చివరికి గుండె కవాటాలను దెబ్బతీయగల జబ్బు అది. దానికి మూలం స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ అనే బ్యాక్టీరియా. కొందరి నోటిలో సహజంగానే ఉండే బ్యాక్టీరియా దీన్ని అడ్డుకుంటుందని ఆయన గమనించారు. ఆ వెతుకులాటలో దొరికిందే స్ట్రెప్టోకాకస్ సలివారియస్ కె12. ఇది నాలుక మీద, గొంతులో స్థిరపడి, పయోజెనిస్‌ను అణిచే సలివారిసిన్ అనే పదార్థాలను విడుదల చేస్తుంది. దీని తోబుట్టువు ఎం18 పళ్ల వైపు పనిచేస్తుంది. పన్ను పుచ్చడంలో పాత్ర ఉన్న స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్‌ను అణచడం, ఆమ్లాన్ని తగ్గించడం దీని పని. చిగుళ్ల వాపుకు లాక్టోబాసిల్లస్ రియుటెరి జాతిలోని కొన్ని రకాలను బిళ్లలుగా ఇస్తున్నారు.

వీటి మీద జరిగిన పరిశోధనలు ఆశ కలిగించేవే అయినా చాలావరకు చిన్నవి. ఇవేవీ పుచ్చిన పన్నును బాగు చేయవు. పుప్పి పన్ను గుంతను డాక్టరే పూడ్చాలి. అలాగే పిల్లలకు జ్వరంతో గొంతు నొప్పి వస్తే బిళ్ల చప్పరించమని చెప్పి ఊరుకోకూడదు. వైద్యుడు రాసిన యాంటీబయోటిక్‌ను పూర్తి కాలం వాడించాలి. గుండెను కాపాడేది అదే.

పేగు రకాలు: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ రావు

పేగులకు వాడే వాటిలో లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ ఒకటి. మరొకటి శాకరోమైసిస్ బౌలార్డీ. ఇది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. బ్యాక్టీరియాను చంపే యాంటీబయోటిక్స్ దీన్ని చంపవు. అందుకే యాంటీబయోటిక్స్ వాడేటప్పుడు వచ్చే విరేచనాలు రాకుండా వైద్యులు దీన్ని రాస్తుంటారు. ఆ పనికి ఈ రెండింటికీ మంచి ఆధారాలున్నాయి.

మామూలు విరేచనాల విషయం అలా లేదు. అమెరికాలో 971 మంది చిన్నపిల్లల మీద జరిగి 2018లో ప్రచురితమైన పరిశోధనలో రామ్నోసస్ జీజీ ఇచ్చిన పిల్లలకూ, ఉత్తుత్తి మందు ఇచ్చిన పిల్లలకూ తేడా కనిపించలేదు. విరేచనాలతో నీరసించిన బిడ్డకు ముందుగా అందాల్సింది ఓఆర్‌ఎస్ నీళ్లు, దాంతోపాటు జింకు మాత్ర, తల్లిపాలు, ఆహారం.

మన పక్క రాష్ట్రంలో మరో సంగతి జరిగింది. ఒడిశా గ్రామాల్లో 4,556 మంది నవజాత శిశువులతో చేసిన పరిశోధన 2017లో వెలువడింది. సగం మందికి వారం రోజులపాటు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లోని ఒక ప్రత్యేక రకాన్ని, దానికి ఆహారమయ్యే ఒక చక్కెర పదార్థంతో కలిపి ఇచ్చారు. రక్తంలో ఇన్ఫెక్షన్ గానీ మరణం గానీ సంభవించిన శిశువులు మిగతా సగంలో నూటికి 9 మంది ఉంటే, వీరిలో నూటికి 5.4 మందే. గొప్ప ఫలితమే. అయితే ఆ శిశువులు తల్లిపాలు తాగుతున్న, తగినంత బరువుతో పుట్టినవారు. నెలలు నిండకుండా పుట్టి ఆస్పత్రిలో ఉన్న శిశువులకు ప్రోబయోటిక్స్ ఇవ్వడం ప్రమాదం కావచ్చని 2023లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఒకరికి వరమైనది ఇంకొకరికి ముప్పు కావచ్చు. వ్యాధి నిరోధక శక్తి బాగా తగ్గినవారు కూడా వైద్యుని అడగకుండా ఏ రకాన్నీ వాడకూడదు.

రోల్ నంబరు చూడాలి

మా తరగతిలో ‘ఫాతిమా’ అని పిలిస్తే ముగ్గురు లేచి నిలబడతారు. ఒకరు లెక్కల్లో దిట్ట, ఒకరు పాటల్లో, ఒకరు పరుగులో. ఎవరు కావాలో రోల్ నంబరుతో చెప్పాలి. సూక్ష్మజీవులూ అంతే. మొదటి పేరు వంశం, రెండోది జాతి, చివరి అంకెలు అక్షరాలు రోల్ నంబరు. కె12కు రుజువైన మేలు మరో సలివారియస్‌కు ఉంటుందని చెప్పలేం. డబ్బా మీద కేవలం ‘లాక్టోబాసిల్లస్’ అని రాసి వదిలేస్తే అది రోల్ నంబరు లేని జవాబు పత్రం లాంటిది.

దాతలు కొనేముందు మరికొన్ని చూడాలి. మన దేశంలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం ఆహారంగా అమ్మే ప్రోబయోటిక్‌లో రోజు మోతాదుకు కనీసం 10 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. గడువు తేదీ, నిల్వ ఉంచే చోటు కూడా ముఖ్యమే. మండు వేసవిలో శిబిరం టెంటు కింద రోజంతా పెట్టిన డబ్బాలో ఎన్ని బతికుంటాయో ఊహించండి. చాలా గొట్టాల తొడుగు జెలటిన్‌తో చేస్తారు. అది ఏ జంతువు నుంచి వచ్చిందో మనకు పట్టింపు కనుక మొక్కల సెల్యులోజ్ తొడుగు ఉన్నవాటిని గానీ పొడి ప్యాకెట్లను గానీ అడిగి తీసుకోవడం మేలు.

ఇంట్లో ఉన్నది

ఇంటి పెరుగు, మజ్జిగ మంచి ఆహారం. వాటిలో ఏ రకం ఎంత ఉందో లెక్క లేదు కాబట్టి మందు అనలేం, అంతే. నోటికైతే మన చేతిలో అంతకంటే గట్టి సాధనముంది. మిస్వాక్‌ను దైవప్రవక్త (స) ఎంతగా ప్రోత్సహించారో మనందరికీ తెలుసు. వుజూ చేసినప్పుడల్లా నోరు పుక్కిలిస్తాం. ఆ అలవాటుకు తోడు రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోమడం, జిగురు మిఠాయిలు తగ్గించడం చేరితే పంటికి కావలసిన రక్షణలో పెద్ద భాగం అందినట్టే. ఫ్లోరైడ్ పేస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మీరిచ్చే ప్రతి రూపాయి మా దగ్గర అమానత్. ఆ అమానత్‌తో ఖరీదైన డబ్బా కొనే ముందు ‘ఇది నోటికా, పేగుకా? ఏ రకం? ఏ జబ్బుకు రుజువైంది?’ అని అడగడం మా బాధ్యత. మమ్మల్ని అడగడం మీ హక్కు. ఆ తర్వాతి శిబిరానికి మేము పళ్ల పేస్టులు, బ్రష్షులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పట్టుకెళ్లాం, వెంట ఒక దంతవైద్యుని పిలుచుకున్నాం. ఆ కుర్రాడు తన చెల్లెలిని వెంటబెట్టుకుని వరుసలో ముందు నిలబడ్డాడు. ఆ పాపకు చిన్న గుంతే ఉంది. పన్ను పీకకుండానే పూడ్చారు, అల్‌హమ్దులిల్లాహ్.