చేతికి తగ్గ ఢమరుకం

రెండు కర్రలు, ఒక తాడు, ఒక జోడు కప్పులు. డయాబోలో కొనడం తేలికే. ఎవరి చేతికి ఏది నప్పుతుందో తెలియకపోతే ఆట మొదలవకముందే అటకెక్కుతుంది.

వసంత్ కుంజ్‌లో చోటుకేం కొదవ అనిపిస్తుంది బయటినుంచి చూసేవారికి. ఓ పక్క ఆరావళి గుట్టల అడవి, మరో పక్క నెల్సన్ మండేలా మార్గ్‌లో వరసగా మాల్స్. తీరా డీడీఏ ఫ్లాట్ల మధ్యకు వెళ్తే సంగతి వేరు. ఇళ్ల నడుమ చిన్న పార్కు, చుట్టూ నిలిపి ఉంచిన కార్లు, పైన బాల్కనీలు. క్రికెట్ బంతి ఎటు వెళ్లినా ఎవరిదో ఒకరి అద్దానికి గండమే. ఇలాంటి కాలనీల్లో పిల్లలకు పనికొచ్చే ఆట డయాబోలో. బారెడు నేల, తలపైన కాస్త ఖాళీ ఆకాశం ఉంటే చాలు. జట్టు అక్కర్లేదు, అవతలి ఆటగాడూ అక్కర్లేదు.

మరి ఈ ఆట ఎందుకు నిలవడం లేదు? కారణాలు వెతికితే తొలి వరసలో కనిపించేది పిల్లల బద్ధకం కాదు, పెద్దలు కొనిచ్చే సరంజామా. పుట్టినరోజు కానుకగా వచ్చిన చవక ప్లాస్టిక్ డయాబోలో నాలుగు రోజులు తిరిగి, అయిదో రోజు పగులుతుంది. అసలు తిరగకపోతే మరీ ప్రమాదం. తన చేతికే ఆ విద్య రాదని పిల్లవాడు తేల్చేసుకుంటాడు. తప్పు చేతిది కాదు, వస్తువుదని అతనికి చెప్పేవారుండరు.

బొంగరానికి దూరపు చుట్టం

చూడటానికి డయాబోలో శివుడి చేతిలోని ఢమరుకంలా ఉంటుంది. రెండు కప్పులను వీపులు కలిపి, నడుమ ఇరుసు బిగిస్తే డయాబోలో. రెండు కర్రల కొసలకు కట్టిన తాడు మీద దాన్ని తిప్పుతారు, ఎగరేస్తారు, పట్టుకుంటారు. బొంగరానికి తాడు చుట్టి విసిరేస్తే మన పని అయిపోయింది. డయాబోలోకి మాత్రం తిరుగుతున్నంతసేపూ తాడుతో ఊపిరి పోస్తూనే ఉండాలి.

దీని పుట్టిల్లు చైనా. అక్కడ కాంగ్‌ఝూ అంటారు. వెదురుతో, లోపల డొల్లగా చేసిన ఆ సంప్రదాయ రకం తిరిగేటప్పుడు ఝుమ్మని మోగుతుంది. చైనా ప్రభుత్వం 2006లో ఈ ఆటను జాతీయ సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. యూరప్‌కు చేరాక 19వ శతాబ్ది తొలినాళ్లలో ఫ్రాన్స్‌ను ఓ ఊపు ఊపి, తర్వాత మరుగున పడింది. 20వ శతాబ్ది మొదటి దశకంలో గుస్టావ్ ఫిలిప్పార్ అనే ఇంజనీరు లోహపు కప్పుల అంచులకు రబ్బరు తొడిగి దాన్ని మళ్లీ బజారుకెక్కించాడు. కింద పడినా చెడని డయాబోలో రావడంతో ఆట మళ్లీ ఊపందుకుంది. వందేళ్లు దాటినా పాఠం అదే. ఈ ఆటలో వస్తువు పడటం ఖాయం. పడినా తట్టుకునేదే కొనాలి.

తొలి మెట్టు: బరువుంటేనే నిలకడ

కొత్తగా నేర్చుకునేవారికి తేలికైనది కొనివ్వాలనిపించడం సహజం. నిజానికి జరిగేది తలకిందులు. తిరిగే వస్తువు తన దిశను నిలబెట్టుకోవడానికి బరువు, వేగం రెండూ కావాలి. మరీ తేలికైన డయాబోలో రెండు చుట్లు తిరగ్గానే వేగం కోల్పోయి ఓ పక్కకు ఒరుగుతుంది. ఒరిగినదాన్ని సరిచేయడం కొత్తవారి వల్ల కాదు. తిరుగుతున్న వస్తువును ఒకవైపు నెడితే అది మనం అనుకున్న వైపు కాకుండా అడ్డంగా మళ్లుతుంది. ఈ గుణం చేతికి అలవాటు కావడానికి వారాలు పడుతుంది. ఆ లోపు కాస్త నిలకడగా తిరిగే వస్తువు ఉండాలి.

పెద్దలకు, పన్నెండేళ్లు దాటిన పిల్లలకు సుమారు 11 నుంచి 13 సెంటీమీటర్ల వ్యాసం, 200 నుంచి 300 గ్రాముల బరువు ఉన్నది సరిపోతుంది. అంతకంటే చిన్నపిల్లలకు 10 సెంటీమీటర్ల రకం మేలు. కప్పులు రబ్బరులా వంగే పదార్థంతో చేసినవై ఉండాలి. వేలితో నొక్కితే కాస్త లోపలికి పోయి, వదలగానే మళ్లీ పైకి రావాలి. బిరుసు ప్లాస్టిక్ సిమెంటు బాట మీద పగులుతుంది, మొహానికి తగిలితే గాయం చేస్తుంది. మరీ మెత్తనిదీ మంచిది కాదు. వేగం పెరిగేకొద్దీ ఆకారం చెదిరి వణుకుతుంది. రెండు కప్పుల మధ్య గాడి ఎంత వెడల్పుందో కూడా చూడాలి. ఇరుకుగా ఉంటే ఎగరేసింది తిరిగి తాడు మీద వాలడం గగనమవుతుంది.

పేనినది కాదు, అల్లినది

దుకాణంలో కళ్లన్నీ కప్పుల రంగుల మీదే. ఆటను నడిపించేది మాత్రం తాడు. పేనిన తాడు ఇరుసు రాపిడికి పురి విడిపోతుంది. అందుకే అల్లిన తాడు కావాలి. పాలియెస్టర్ లేదా నైలాన్ అల్లిక అయితే మన్నుతుంది. నూలు తాడు ఇరుసును గట్టిగా పట్టుకుని వేగాన్ని తినేస్తుంది, త్వరగా అరిగిపోతుంది.

ఎంత పొడవు? తాడు ఒక కొసను పాదంతో తొక్కిపట్టి నిటారుగా లాగితే రెండో కొస బొడ్డుకూ ఛాతీకీ మధ్యకు రావాలి. మొదట కాస్త పొడవుగానే ఉంచుకోవడం తెలివి. పొడవైతే కత్తిరించుకోవచ్చు, పొట్టిదైతే చేసేదేమీ లేదు. తాడు నల్లబడి నూగు లేస్తే మార్చేయాలి. బాగా ఆడేవారికి తాడు నెలసరి ఖర్చు లాంటిది, కప్పులు ఏళ్ల తరబడి ఉంటాయి.

కర్రల్లో మూడు రకాలు: చెక్క, అల్యూమినియం, కార్బన్ ఫైబర్. మొదలుపెట్టేవారికి 30 సెంటీమీటర్లకు అటూఇటూగా ఉండే చెక్క కర్రలు చాలు. లోహపు కర్రలు నునుపుగా ఉండి, డయాబోలోను కర్ర మీదికి ఎక్కించే విన్యాసాలకు అనువుగా ఉంటాయి. కార్బన్ ఫైబర్ తేలిక. గంటల కొద్దీ సాధన చేసే మణికట్టుకు అది ఊరటే, వారానికి ఓ అరగంట ఆడేవారికి దండగ ఖర్చు.

బేరింగ్ మాయ

కొనేవారిని తికమకపెట్టే ప్రశ్న మరోటుంది. స్థిరమైన ఇరుసా, బేరింగ్ ఉన్నదా? స్థిరమైన ఇరుసులో తాడు నేరుగా ఇరుసును రాస్తుంది. ఆ రాపిడే వేగాన్ని ఇస్తుంది, ఆ రాపిడే వేగాన్ని హరిస్తుంది. కాబట్టి చేయి ఆడుతూనే ఉండాలి. బేరింగ్ రకంలో ఇరుసు ఒకవైపు మాత్రమే స్వేచ్ఛగా తిరుగుతుంది. తాడును ఇరుసుకు ఓ చుట్టు చుట్టి లాగితే వేగం ఇట్టే అందుకుంటుంది, చేయి ఆపినా చాలాసేపు తిరుగుతుంది.

చదవగానే బేరింగే మేలనిపిస్తుంది. ధరా ఎక్కువే కాబట్టి ఖరీదైనది మంచిదేనన్న మధ్యతరగతి నమ్మకమూ తోడవుతుంది. మొదటి డయాబోలోగా మాత్రం స్థిరమైన ఇరుసుదే కొనాలి. కుడిచేయి లాగే లయ, ఎడమచేయి ఇచ్చే ఆసరా అందులోనే అలవడతాయి. బేరింగ్ ఆ లోపాలను కప్పిపుచ్చుతుంది. సైకిలు తొక్కడం రాకముందే మోటారు బిగించినట్టు. పైగా ఢిల్లీ దుమ్ము సంగతి చెప్పనే అక్కర్లేదు. వేసవి గాలికి లేచే ధూళి బేరింగ్‌లో చేరితే తిరగడం మొరాయిస్తుంది. శుభ్రం చేసుకునే ఓపిక లేనివారికి అది తలనొప్పే.

రెండో మెట్టు వారి మాట వేరు. ఎగరేసి పట్టడం, తాడు మీద పైకి ఎక్కించడం, కాలి చుట్టూ తిప్పడం వచ్చేశాక బేరింగ్ కొత్త తలుపులు తెరుస్తుంది. తాడును ముళ్లుగా అల్లి, డయాబోలోను నడుమ నిలిపే విన్యాసాలకు చేయి ఆపినా వేగం తగ్గని రకమే అనువు.

మూడో మెట్టు ఒకే తాడు మీద రెండు, మూడు డయాబోలోలు తిప్పేవారిది. వారు చూడాల్సింది జంట పొత్తు. రెండూ ఒకే తయారీదారువి, ఒకే బరువువి, వీలైతే ఒకే సమయంలో కొన్నవై ఉండాలి. ఒకటి అరిగి, మరోటి కొత్తగా ఉంటే వేగాల్లో తేడా వచ్చి లయ తప్పుతుంది. ఇరుసు విప్పి బిగించే వీలుంటే చిన్న వాషర్లతో బరువు సరిచేసుకోవచ్చు. జర్మనీ హెన్రీస్, మిస్టర్ బబాష్, తైవాన్ సండియా వంటి పేర్లు ఈ స్థాయిలోనే పట్టించుకోవాల్సినవి.

ఏ మెట్టు మీదున్నా ఢిల్లీ వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. మే నెల ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే కప్పులు వంకర తిరుగుతాయి. జనవరి చలిలో బిరుసెక్కుతాయి. వానకు తడిసిన తాడు ఇరుసు మీద సరిగా జారదు. కరెంటు తీగల కింద ఎగరేయకూడదని వేరే చెప్పాలా?

సుంకం, ముద్ర

ఇంతకీ ఈ సరుకు అందుబాటు ధరకు దొరుకుతుందా? మన్నికైన డయాబోలోలు ఎక్కువగా విదేశీవే. కేంద్రం 2020 బడ్జెట్‌లో బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేసింది. నాసిరకం సరుకుకు కళ్లెం వేయాలన్న ఉద్దేశం మంచిదే. అయితే డయాబోలో లాంటి అరుదైన సామగ్రిని ఇక్కడ పెద్దయెత్తున తయారుచేసేవారు లేనప్పుడు, బొమ్మగా జమకట్టిన ప్రతి పెట్టె మీదా ఆ భారం నేర్చుకునేవారి నెత్తినే పడుతుంది.

దీనికో మధ్యేమార్గం ఉంది. బయటినుంచి తెప్పించుకోవాల్సింది కప్పులు, ఇరుసు మాత్రమే. అల్లిన తాడు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది. కర్రలను తరిణె పట్టే ఏ వడ్రంగి అయినా చేసిస్తాడు. మన అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క పూసి బొంగరాలు చేసే చేతులకు రెండు కర్రలు నునుపు చేయడం ఓ లెక్కా? ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నమోదైన హస్తకళాకారులు చేసినవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి ఐఎస్ఐ నిబంధన నుంచి మినహాయింపు కూడా ఇచ్చారు.

ఆట కొందరికి, కూడు మరికొందరికి

ఇదంతా సరదాకు నేర్చుకునేవారి లెక్క. గాల్లో వస్తువులు ఎగరేసి పట్టుకునే విద్యతోనే పొట్టపోసుకునేవారి లెక్క వేరు. ఢిల్లీలో వారి పేట షాదీపూర్‌లోని కఠ్‌పుత్లీ కాలనీ. కీలుబొమ్మలవారు, గారడీవారు, జగ్లర్లు దశాబ్దాల పాటు అక్కడే బతికారు. 2009లో డీడీఏ ఆ స్థలంలో పునరాభివృద్ధి ప్రాజెక్టును ఓ ప్రైవేటు నిర్మాణ సంస్థకు అప్పగించింది. 2017 అక్టోబరు చివర్లో ఇళ్ల కూల్చివేత మొదలైంది. ఎన్నో కుటుంబాలు ఆనంద్ పర్బత్‌లోని తాత్కాలిక శిబిరానికి చేరాయి.

చట్టమూ వారికి అండగా లేదు. ఢిల్లీకి వర్తింపజేసిన 1959 నాటి బొంబాయి యాచక నిరోధక చట్టం, పాట, ఆట, ప్రదర్శన పేరుతో బహిరంగ స్థలంలో డబ్బు తీసుకోవడాన్ని కూడా యాచన కిందే చేర్చింది. యాచనను నేరంగా చూసే నిబంధనలను ఢిల్లీ హైకోర్టు 2018 ఆగస్టులో కొట్టివేసింది. అంతవరకు ఒకే విన్యాసం మాల్ లోపల చేస్తే వినోదం, బయట సిగ్నల్ దగ్గర చేస్తే నేరం.

ఇలాంటి కళాకారుడు డయాబోలో పట్టాలంటే అతనికి కావాల్సింది మెరుపు రంగులు కాదు. పడితే పగలనిది, విప్పి బాగుచేసుకోగలిగినది, తాడు ఎక్కడైనా దొరికేది కావాలి. విచిత్రమేమిటంటే వసంత్ కుంజ్ పార్కులో మొదటిసారి కర్రలు పట్టే పిల్లకూ సరిగ్గా అదే కావాలి: వంగే కప్పులు, స్థిరమైన ఇరుసు, చెక్క కర్రలు, అల్లిన తాడు. బేరింగ్, కార్బన్ ఫైబర్ ఆ తర్వాతి మాట. ఈ నాలుగూ ఉంటే, వారం రోజుల తర్వాత కూడా డయాబోలో తిరగకపోతే అప్పుడు చేతిని అనుమానించవచ్చు. అదీ మరో వారం ఆగాకే.